చైన్ పిజ్జాలో ఉప్పు ఎవరి చేతిలో ఉంది?

మా మేనల్లుడి పుట్టినరోజుకు హనుమకొండలో ఒక పెద్ద చైన్ రెస్టారెంటుకు వెళ్లాం. మొత్తం ఆరుగురం. రెండు పెద్ద పిజ్జాలు, ఒక వైట్ సాస్ పాస్తా, గార్లిక్ బ్రెడ్, కూల్‌డ్రింకులు. బిల్లు రెండు వేలు దాటింది. వాడు కేకు కోసి, ఫొటోలు దిగి, పిజ్జా రెండో ముక్క సగం తిని పక్కకు నెట్టేశాడు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. చీజ్ చల్లారి ఒకటే పొరగా బిగుసుకుపోయింది. కొస పట్టి లాగితే క్యాప్సికం, మొక్కజొన్న గింజలతో సహా దండెం మీది తువ్వాలలా మొత్తం ఊడొచ్చింది. కింద మిగిలిన రొట్టె తెల్లగా పాలిపోయి ఉంది. నమిలితే ఉప్పు తగిలింది, వెనకాలే చక్కెర తగిలింది, గోధుమ రుచి మాత్రం ఎక్కడా లేదు.

ఇంటికొచ్చాక మా అక్క అన్నది: "గిన్ని పైసలు పెట్టి తిన్నట్టే లేదురా. ఇంట్ల సర్వపిండి చేసుకున్నా కడుపు నిండు."

కాకతీయ యూనివర్సిటీ దిక్కు ఒక చిన్న ఇటాలియన్ కొట్టుంది. నాలుగు బల్లలు, ఒక ఇటుకల పొయ్యి. ఊరు విడిచి హోటల్ వంటిళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చిన ఒకతను నడుపుతాడు. అక్కడ తిన్న పిజ్జా వారం తర్వాత కూడా నాలుక మీద గుర్తుంటుంది, పైగా ధర తక్కువ. ఎందుకిలా అని అడిగితే మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి: చైన్‌వాళ్లు మోసం చేస్తారని, చిన్న కొట్టువాళ్లది చేతిమహిమ అని. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ అసలు సంగతి పిండి, చీజ్, అద్దె, వ్యాను లెక్కల్లో ఉంది.

చైన్ అని దేన్ని అంటారు

ఒకే పేరు, ఒకే మెనూ, ఒకే తయారీ పద్ధతితో పలుచోట్ల నడిచే హోటళ్ల వరుస చైన్. కొన్నింటిని కంపెనీయే సొంతంగా నడుపుతుంది. మరికొన్ని ఫ్రాంచైజీలు. అంటే ఊళ్లోని ఒక వ్యాపారి పెట్టుబడి పెట్టి, ఆ పేరు వాడుకున్నందుకు అమ్మకాల్లో కొంత శాతం రాయల్టీగా కంపెనీకి కడతాడు. ఎన్ని శాఖలుంటే చైన్ అనాలో గట్టి నిర్వచనమేమీ లేదు. అయితే పది లేదా అంతకు మించి చోట్ల నడిచే సంస్థలు మెనూలో ప్రతి వంటకం పక్కన క్యాలరీలు చూపాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. మెనూలో ఆ అంకెలు కనబడితే పెద్ద చైన్‌లో కూర్చున్నామని అర్థం చేసుకోవచ్చు.

పిజ్జా అనే మాటను మన దేశపు మధ్యతరగతి ఇళ్లకు తెచ్చింది చైన్‌లే. డామినోస్, పిజ్జా హట్ రెండూ 1996లోనే భారత్‌లో అడుగుపెట్టాయి. అంటే మనలో చాలామంది మొదట తిన్న పిజ్జా అమెరికా చైన్‌ది, ఇటలీది కాదు. మందపు రొట్టె, నిండుగా చీజ్, పైన పనీర్ టిక్కా: అదే మన నాలుకకు కొలమానమైంది. దీని మీద మళ్లీ వస్తాను.

మనం కూర్చోకముందే అయిపోయిన వంట

చైన్‌లను అర్థం చేసుకోవడానికి తెలియాల్సిన ముఖ్యమైన మాట సెంట్రల్ కిచెన్. పిండి కలపడం, సాస్ ఉడికించడం, చికెన్ మసాలా పట్టించడం వంటివి ఒకచోట పెద్ద ఎత్తున జరుగుతాయి. అక్కడి నుంచి చల్లటి వ్యానుల్లో శాఖలకు చేరతాయి. పిండి కొందరు చల్లబరిచిన ముద్దలుగా పంపిస్తారు, కొందరు గడ్డకట్టించి పంపిస్తారు, ఇంకొందరు సగం కాల్చిన రొట్టెగానే పంపిస్తారు. శాఖలో మిగిలిన పని ముద్దను సాగదీయడం, సాస్ రాయడం, కొలగిన్నెతో చీజ్ చల్లడం, ఓవెన్‌లో పెట్టడం.

ఆ రోజు చైన్‌లో కౌంటరు పక్కన నిలబడి లోపలికి చూశాను. గోడకు ఒక బొమ్మల పట్టీ ఉంది, ఏ సైజుకు ఎన్ని ముక్కలు, ఎక్కడెక్కడ పెట్టాలో ఫొటోలతో సహా. నర్సంపేట నుంచి వచ్చి పనిచేస్తున్న పిల్లవాడు గ్లౌజులు వేసుకుని, తూకం చూసి, అచ్చం బొమ్మలో ఉన్నట్టే పేరుస్తున్నాడు. పని ఎంతో శుభ్రంగా ఉంది. సాస్‌లో ఉప్పెక్కువైంది తమ్ముడూ అన్నాను. "ఉప్పు మా చేతిల ఉండదన్నా, అది అట్లనే వస్తది" అన్నాడు. ఆ మాటలో అతని తప్పు ఏమీ లేదు.

చైన్ అమ్మే అసలు సరుకు ఒకేతీరుతనం. హనుమకొండలో తిన్నా, కరీంనగర్‌లో తిన్నా, హైదరాబాద్‌లో తిన్నా ఒకటే రుచి రావాలి. అలా రావాలంటే ప్రతి శాఖలో మనిషి తీసుకునే నిర్ణయాలను వీలైనంత తగ్గించాలి. ఉప్పు, పులుపు, మంట, సమయం, అన్నీ ముందే ఎక్కడో తేలిపోవాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. వందల ఊళ్లలో ఎవరికీ నచ్చకుండా పోకూడదనుకున్న రుచి కారంగానూ ఉండలేదు, పుల్లగానూ ఉండలేదు. మధ్యలో ఎక్కడో ఆగుతుంది. మిర్చి తిని పెరిగిన నాలుకకు ఆ మధ్యస్థం చప్పన.

పిండికి కావలసింది రాత్రంతా

రుచిలో తేడాకు పెద్ద కారణం పిండి, ఆ తర్వాత మంట.

ఇటలీలో పిజ్జాకు పేరుపడ్డ నగరం నేపుల్స్. అక్కడి పిజ్జా పిండిలో ఉండేవి నాలుగే: గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. నూనె, చక్కెర వేయరు. యూనివర్సిటీ దిక్కు కొట్టతను చెప్పిన లెక్క ఇది. కిలో పిండికి 620 మిల్లీలీటర్ల నీళ్లు, 28 గ్రాముల ఉప్పు, చిటికెడు ఈస్ట్. మొత్తం 1,650 గ్రాముల దాకా వస్తుంది, 250 గ్రాముల చొప్పున తుంచితే ఆరు ముద్దలు, ఇంకొంచెం మిగులు. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడతాడు, మరుసటి సాయంత్రం తీస్తాడు. ఆ ఇరవై గంటల్లో ఈస్ట్ పిండిలోని చక్కెరను తింటూ గాలి వదులుతుంది, సన్నటి పులుపును, వాసనను పుట్టిస్తుంది. ఇడ్లీ పిండి అప్పుడే రుబ్బి వేస్తే ఎలా ఉంటుందో, రాత్రంతా పులిసాక ఎలా ఉంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. సరిగ్గా అదే తేడా.

పిండిని గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు పలుకులై జిగురు పోగులను తెంపుతుంది, ఈస్ట్‌లో కొంత చచ్చిపోతుంది. దాన్ని సరిదిద్దడానికి ఈస్ట్ ఎక్కువ వేస్తారు, పిండి గుణం మార్చే పదార్థాలు కలుపుతారు. చక్కెర, నూనె చేరడానికి ఇంకో కారణం ఉంది. శాఖల్లో వాడే కన్వేయర్ ఓవెన్ మంట 250 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. పిజ్జా ఒక పట్టీ మీద ఆరేడు నిమిషాలు కదులుతూ అటు నుంచి బయటికి వస్తుంది. ఆ మంటకు రొట్టె ఎర్రబడాలన్నా, ఎండిపోకుండా మెత్తగా ఉండాలన్నా చక్కెర, నూనె తోడు కావాలి.

నేపుల్స్ పద్ధతిలో పొయ్యి 430 నుంచి 480 డిగ్రీలు. పిజ్జా అందులో ఉండేది 60 నుంచి 90 సెకన్లు. అంత మంటలో అంచు ఒక్కసారిగా పొంగుతుంది, అక్కడక్కడా నల్లటి చుక్కలు పడతాయి, లోపలి నీరు ఆవిరయ్యేలోపే బయటికొస్తుంది కాబట్టి నడిమి భాగం తడిగా, మెత్తగా ఉంటుంది. మన కొట్టు పొయ్యి అంత వేడి ఎక్కదు, 400 దగ్గర ఆగుతుంది, రెండు నిమిషాలు పడుతుంది. అయినా కొట్టతను తెడ్డుతో పిజ్జాను అరచుట్టు తిప్పి, అంచును కాస్త పైకెత్తి అడుగు చూసుకుని తీసేటప్పుడు, ఆ తీయడం గడియారంతో కాకుండా కంటితో జరుగుతుంది. సర్వపిండి గిన్నెను ఎప్పుడు దించాలో మా అమ్మ అంచులు విడిచే చప్పుడును బట్టి చెప్పేది. ఇదీ ఆ కోవలోదే.

ఇక చల్లారడం. వేడి పిజ్జాను అట్టడబ్బాలో మూస్తే ఆవిరి లోపలే తిరిగి అంచును మెత్తబరుస్తుంది. తర్వాత పిండిపదార్థం చల్లారుతూ గట్టిపడుతుంది. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి గింజ బిరుసెక్కినట్టే. హసన్‌పర్తికి పార్శిల్ తీసుకెళ్తే నేపుల్స్ తరహా పిజ్జా చైన్ పిజ్జా కంటే ముందే పాడవుతుంది, ఎందుకంటే దాన్ని కాపాడే నూనె, చక్కెర అందులో లేవు. చైన్ పిజ్జా దారిలో అరగంట తట్టుకోవడానికే తయారైంది. బల్ల దగ్గర తినే పిజ్జాతో దాన్ని పోల్చేటప్పుడు ఈ మాట మరవకూడదు.

చీజ్ అనే మాట కింద ఏముంది

ఇటలీలో మోజరెల్లాను పాలు విరిచి, ఆ విరుగుడును వేడినీళ్లలో సాగదీసి చేస్తారు. అక్కడ పేరున్న రకాల్లో ఒకటి బర్రెపాలతో చేసేది. చాయ్ నుంచి పెరుగు దాకా బర్రెపాలే నడిచే మన పల్లెలకు ఇది కొత్త వాసన కాదు. తాజా మోజరెల్లా నీరెక్కువ ఉండే సరుకు, రెండు మూడు రోజులే ఆగుతుంది. పిజ్జా వ్యాపారానికి వాడేది నీరు తగ్గించి, తురిమి, అంటుకోకుండా కొద్దిగా పొడి కలిపిన రకం. ఇదీ నిజమైన చీజే.

దీని పక్కన ఇంకొకటి ఉంది, చీజ్ అనలాగ్. పాలకొవ్వు స్థానంలో పామాయిల్ లాంటి నూనె, స్టార్చ్ కలిపి చేస్తారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, సాగుతుంది, చవక. చల్లారితే రబ్బరులా బిగుస్తుంది. అమ్మడం నేరం కాదు. చీజ్ అని చెప్పి అమ్మడమే తప్పు. 2022లో హర్యానాలో జీఎస్టీ అప్పీళ్ల సంస్థ ముందుకు ఇలాంటి పిజ్జా టాపింగ్ వ్యవహారమే వచ్చింది. నూనె కలిసిన ఆ టాపింగ్‌ను చీజ్ కింద లెక్కించలేమని, 18 శాతం పన్ను కట్టాలని తేల్చారు.

అనలాగ్ అంటే చైన్ అనుకుంటే పొరపాటే. వరంగల్‌లో 99 రూపాయల పిజ్జా అమ్మే చిన్న కొట్లలో చాలాచోట్ల వాడేది అదే, సాస్ కూడా హోల్‌సేల్ డబ్బాదే. పెద్ద చైన్ సరుకుకు కనీసం కొనుగోలు రికార్డులు ఉంటాయి. చిన్న కొట్టులో అడిగితేనే తెలుస్తుంది, అదీ కొట్టతను నిజం చెబితే.

400 రూపాయలు ఎటు పోతాయి

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. అంకెలు ఏ ఒక్క సంస్థవీ కావు, విషయం అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

చైన్‌లో పిజ్జా ధర పన్ను కాక 400. సరుకులకు 30 శాతం, అంటే 120. మెయిన్ రోడ్డు అద్దె 60, జీతాలు 60, రాయల్టీ, ప్రకటనలు కలిపి 40, కరెంటు, డబ్బా 25. యాప్‌లో తెప్పించుకుంటే కమిషన్ 80. మొత్తం 385. మిగిలేది 15. మళ్లీ ఆ 120లో వ్యాను ఖర్చు, చల్లగా ఉంచే ఖర్చు ఒక పాతిక ఉందనుకుంటే నోట్లోకి వెళ్లేది 95 రూపాయల సరుకు.

చిన్న కొట్టులో పిజ్జా 280. సరుకులకు 40 శాతం, అంటే 112. గల్లీలో అద్దె 30, సహాయకుడి జీతం 50, కరెంటు, కట్టెలు 25. మొత్తం 217. మిగిలేది 63, అదే యజమాని కూలి, లాభం. యాప్ లేదు, రాయల్టీ లేదు.

బిల్లులో 120 తేడా ఉన్నా పళ్లెంలోని సరుకు విలువ చిన్న కొట్టులోనే ఎక్కువగా తేలింది. చైన్‌లో మనం కడుతున్నది అద్దెకు, పేరుకు, రవాణాకు. అయితే టన్నుల లెక్కన కొనే చైన్‌కు అదే చీజ్ చవగ్గా దొరుకుతుంది కాబట్టి 95 రూపాయల్లో మనం అనుకున్నంత తక్కువ సరుకేమీ ఉండకపోవచ్చు.

దీనికి పన్ను ముడి కూడా తోడైంది. 2017 నవంబరు 15 నుంచి సాధారణ రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం. కానీ తాము కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు తీసేశారు. అద్దె మీద, రాయల్టీ మీద కట్టే 18 శాతం ఖర్చుగానే మిగిలిపోతుంది. పై లెక్కలో ఆ 100 రూపాయల మీద అది 18. మిగిలిందనుకున్న 15 అక్కడే పోయింది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే ఆఫర్ కూడా ఈ లెక్కతోనే అర్థమవుతుంది. రెండో పిజ్జా సరుకు కూడా చేరితే సరుకులకే 240. అక్కడే కూర్చుని తిన్నా చేతి నుంచి పడుతుంది. కాబట్టి అలాంటి ఆఫర్ తరచూ నడవాలంటే పలకలోని ధరను ముందే పెంచి ఉంచాలి. ఆఫర్ లేని రోజు ఒక్క పిజ్జా కొనేవాళ్లకు అది మరీ ఖరీదనిపించడానికి కారణం ఇదే.

చైన్ వైపు నిలబడి చూస్తే

మా అక్కతో వాదించినప్పుడు నేను చైన్ తరఫునే ఎక్కువ మాట్లాడాను. పరకాల నుంచో భూపాలపల్లి నుంచో పిల్లలతో వచ్చిన కుటుంబానికి ఏసీ, శుభ్రమైన బాత్రూం, ముందే తెలిసిన ధర ఉన్న చోటు చిన్న విషయం కాదు. హాస్టల్ అమ్మాయిలు నలుగురు రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లు ఉండరు. అందులో పనిచేసే పిల్లలకు నెల జీతం, పీఎఫ్ ఉంటాయి.

తిండి భద్రత ఇంకా పెద్ద విషయం. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకరు చనిపోయి, పలువురు ఆసుపత్రి పాలయ్యాక 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అక్కడికక్కడ కలుపుకునే తాజా పదార్థం మేలన్న మన నమ్మకానికి అది ఎదురుదెబ్బ. కొలతలు, ఉష్ణోగ్రతల రిజిస్టరు, తేదీ చీటీలు రుచిని పెంచవు గానీ ఇలాంటి ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

పైగా చిన్న కొట్టు రుచి రోజూ ఒకలా ఉండదు. మే నెలలో ఓరుగల్లు 44 డిగ్రీలకు చేరితే పిండి అదుపు తప్పి పులుస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ముద్దలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒక మే నెల సాయంత్రం నేను వెళ్లేసరికి కొట్టతను మొత్తం డబ్బా పారబోసి, ఇవాళ లేదన్నా అని షట్టరు సగం దించాడు. నాకు అతని మీద గౌరవం పెరిగింది. పుట్టినరోజు పార్టీకి ఇరవైమందిని పిలుచుకుని వచ్చినవాళ్లకు మాత్రం కోపమే వస్తుంది.

అసలు ఇటాలియన్ అంటే ఎవరి రుచి

నేపుల్స్ వాళ్లకు దీని మీద గట్టి పట్టింపు. 1984లో అక్కడి పిజ్జా తయారీదారులు సంఘం పెట్టుకుని పిండి, మంట, కొలతలకు నియమాలు రాసుకున్నారు. 2017లో ఆ కళను యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ల లెక్కన పనీర్ టిక్కా పిజ్జా పిజ్జానే కాదు. ఇంకో వాదం, తిండి ఊరూరికీ మారుతూనే బతుకుతుందని. టమాటా ఇటలీలో పుట్టింది కాదు, మిర్చి మన దగ్గర పుట్టింది కాదు. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇప్పుడు టమాటా లేని నేపుల్స్‌ను, మిర్చి లేని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ను ఊహించలేం.

నాకు రెండో వాదమే దగ్గర, ఒక షరతుతో: మార్పు చేసేవాడికి తానేం మారుస్తున్నాడో తెలిసి ఉండాలి. యూనివర్సిటీ కొట్టులో బల్ల మీద సాచెట్లు ఉండవు. చపాట మిర్చితో కాచిన నూనె సీసా ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటను మనోళ్లు టమాటా మిర్చి అని కూడా అంటారు, కాయ అలా గుండ్రంగా ఉంటుంది కాబట్టి. రంగు ఎక్కువ, కారం తక్కువ. వేడి అంచును ఆ ఎర్రటి నూనెలో అద్దుకుని తింటే అది నేపుల్స్‌దీ, ఓరుగల్లుదీ కూడా.

పాస్తా సంగతి క్లుప్తంగా. రోమ్‌లో పుట్టిన ఆల్ఫ్రెడో అనే తెల్ల సాస్‌లో ఉండేవి వెన్న, పర్మేజాన్ చీజ్, పాస్తా ఉడికిన నీళ్లు. మన దగ్గర చైన్‌లోనూ చిన్న కొట్లలోనూ ఆ పేరుతో వచ్చేది ఎక్కువగా మైదా, పాలతో చిక్కబరిచిన సాస్. ఈ విషయంలో ఎవరినీ పొగడలేను.

చైన్ ఇటలీకే వెళితే ఏమైందో కూడా చూడాలి. డామినోస్ 2015లో మిలాన్‌లో మొదలుపెట్టి, వందల శాఖలు పెట్టాలనుకుని, 2022లో మొత్తం మూసేసింది. ఇంటికి తెచ్చివ్వడమే తన బలం అనుకుంది. కోవిడ్ కాలంలో వీధి పిజ్జా కొట్లన్నీ యాప్‌లలో చేరి తామే తెచ్చివ్వడం మొదలుపెట్టాక ఆ బలం మిగల్లేదు. హనుమకొండలో సంగతి వేరు. ఇక్కడ వీధికో పిజ్జా కొట్టు లేదు, పోల్చి చూసుకోవడానికి అమ్మమ్మ చేసిన పిజ్జా కూడా లేదు. బిర్యానీ విషయంలో, సకినాల విషయంలో మనల్ని ఎవరూ ఏమార్చలేరు, ఎందుకంటే అసలు రుచి తెలుసు. పిజ్జాకు ఆ వెసులుబాటు ఇప్పుడిప్పుడే ఏర్పడుతోంది.

రెండో కొట్టు

మొన్న వెళ్లినప్పుడు కొట్టతను కరీంనగర్‌లో గది చూసొచ్చానని చెప్పాడు. బాగుందన్నా, పిండి ఎవరు కలుపుతారన్నాను. ఇక్కడే రాత్రి కలిపి, తెల్లవారుజామున వ్యానులో పంపిద్దామని ఆలోచనట. 70 కిలోమీటర్ల పైచిలుకు దారి, ఎండాకాలంలో ఐసు పెట్టెలు కావాలి. అక్కడ పొయ్యి దగ్గర నిలబడేది అతని బామ్మర్ది. వాడికి ఇంకా కంటితో చూసి తీయడం రాలేదు.

గల్లా పక్కన ఒక నోటుపుస్తకం కొత్తగా కనబడింది. మొదటి పేజీలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ గ్రాముల్లో రాసి, ఉప్పు దగ్గర 28ని కొట్టేసి 26, దాన్నీ కొట్టేసి మళ్లీ 28 రాసి ఉంది.

"ఇన్నేళ్లు చెయ్యే చెప్పేదన్నా," అన్నాడు, "ఇప్పుడు రాసియ్యాల్నాయె."